పావుతక్కువ బాబాయ్

మా పావుతక్కువ బాబాయ్ తన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏ ఒక్క మనిషికీ, ఏ ఒక్కసారీ సరైన టైము చెప్పలేదు.

అలాగని ఆయన అబద్ధాలకోరు కాదు. మిగతా విషయాల్లో ఆయనంత నికార్సయిన మనిషిని నేను చూడలేదు. మీ కూరలో ఉప్పెక్కువైతే మొహం మీదే చెప్తారు. కాస్త లావయ్యానా బాబాయ్ అని మాటవరసకి అడిగితే, కాస్తేమిటి, బాగానే అయ్యావు అంటారు. ఒక్క టైము దగ్గరే ఆయన నాలుక వంకర తిరుగుతుంది. ఏ వేళ గురించి అడిగినా పావుతక్కువ పది, పావుతక్కువ పన్నెండు, ఇదే వరస. అందుకే ఎదురుగా బాబాయ్ అనీ, ఆయన అటు తిరగ్గానే పావుతక్కువ అనీ అనేవాళ్లం. ఆయనకి రెండూ వినపడేవి.

మాది వ్యాన్ల ఆఫీసు. నడవలేనివాళ్లనీ, చూపు ఆననివాళ్లనీ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లనీ ఇంటి గుమ్మంలో ఎక్కించుకుని ఆసుపత్రికో, బ్యాంకుకో, చెల్లెలింటికో తీసుకెళ్లి మళ్లీ గుమ్మంలో దింపడం మా పని. వ్యాన్లు ఏడు, ప్రయాణికులు నూట పన్నెండు మంది. ఎవరిని ఏ వ్యాను ఎన్నింటికి ఎక్కించుకోవాలో ముందురోజే చార్టు వేసి, అందరికీ ఫోన్లు చేసి చెప్పేది బాబాయ్. ఆ బిల్లులు ఆసుపత్రులకి పంపేది నేను.

ఆఫీసులో మూడు గోడ గడియారాలుండేవి. డ్రైవర్ల గదిలోది ఇరవై నిమిషాలు ముందుకి నడిచేది. మేనేజరుగారి గదిలోది పది నిమిషాలు వెనక్కి నడిచేది. మా హాల్లోది అసలు నడిచేదే కాదు. మూడింటికీ కీ ఇచ్చేది బాబాయే. అసలు టైము ఒక్క ఆయన చేతి గడియారంలోనే ఉండేది, దాన్ని కూడా అద్దం లోపలి వైపుకి వచ్చేలా మణికట్టుకి తిప్పి కట్టుకునేవారు. టైము చూడాలంటే అరచెయ్యి కొంచెం తెరిచి, పేకముక్క చూసుకున్నట్టు చూసుకునేవారు.

ఇలాంటి మనిషి పక్క బల్ల దగ్గర నేను మూడేళ్లు పనిచేశాను. నేనేమో టైముకు వచ్చే మనిషిని. ఈ మాట ఇంకో రెండుమూడుసార్లు అంటాను, ఓపిక పట్టండి. మా ఆఫీసు పావుతక్కువ తొమ్మిదికి. ఎనిమిదిన్నరకి మా పాపని బడిలో దింపి, పరుగులాంటి నడకతో సరిగ్గా పావుతక్కువ తొమ్మిదికి గుమ్మంలో కాలు పెట్టేదాన్ని. మూడేళ్లలో ఒక్క నిమిషం తేడా రాలేదు. మిగతావాళ్లంతా నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉండేవాళ్లు. పాపం, ఇంట్లో పని లేనివాళ్లనుకునేదాన్ని.

బాబాయ్ పద్ధతి ఎలా ఉండేదో చెప్పడానికి ఇద్దరు ప్రయాణికులు చాలు. ఒకరు లెక్కల మేష్టారు. మోకాళ్లకి వ్యాయామం చేయించే చోటికి వెళ్తుంటారు. వ్యాను ఆయనింటికి వెళ్లేది పదకొండుంబావుకి. బాబాయ్ ఆయనకి ఫోన్లో చెప్పేది పావుతక్కువ పన్నెండు. రెండో ఆవిడ టైలరమ్మ. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్లాలి, సోమ, బుధ, శుక్ర. వ్యాను వెళ్లేది పదింబావుకి. ఆవిడకి చెప్పేది పావుతక్కువ పది.

"ఒకరికి అరగంట ముందూ, ఇంకొకరికి అరగంట వెనకా ఎందుకు బాబాయ్? ఉన్నదున్నట్టు చెప్తే పోదా?" అని ఒకసారి అడిగాను.

"చెప్పచ్చు."

"మరి చెప్పరే?"

"చెప్తే టైముకి ఎవరూ రారమ్మాయ్."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మూడేళ్లలో ఆయన చెప్పింది నాకు అర్థమైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పెద్దాయన కదా, కాస్త స్క్రూ వదులైందనుకున్నాను.

అంతలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేనేజరుగారు దాని మాన్యువల్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇక నుంచి ఇది నీ పూచీ" అన్నారు. అరవై పేజీలు. ముప్ఫైదాకా చదివాను. మిగతాదీ ఇలాగే ఉంటుందని అర్థమైపోయింది.

దాని గొప్పలు మామూలువి కావు. బాబాయ్ మధ్యాహ్నమంతా కూర్చుని వేసే చార్టు నాలుగు సెకన్లలో వేస్తుంది. అందరికీ అదే ఫోన్ చేసి ఆడగొంతుతో టైము చెప్తుంది. వ్యాను ఇంటికి యాభై అడుగుల దూరంలోకి రాగానే 'చేరింది' అని అదే రాసుకుంటుంది. అక్కణ్నుంచి అయిదు నిమిషాల్లో మనిషి ఎక్కకపోతే 'రాలేదు' అని వేసి వ్యాన్ని ముందుకి పంపేస్తుంది. అలాంటి 'రాలేదు'లు మూడు పడితే ఆ మనిషి వ్యాను ఎక్కే పాసు రెండు నెలలు ఆగిపోతుంది. అది మళ్లీ ఇవ్వడం మా మేనేజరుగారి చేతిలో కూడా లేదు. ప్రయాణం అయిపోగానే బిల్లు దానంతటదే ఆసుపత్రికి వెళ్లిపోతుంది. వచ్చే నెల నుంచి సిబ్బంది హాజరు కూడా అదే వేస్తుంది. ఇవన్నీ నేను నిలబడి ఉపన్యాసంలా చదివాను. బాబాయ్ ఒక్కరే చెయ్యెత్తారు.

"ఇది టైము ఎవరికి చెప్తుందమ్మాయ్?"

"అందరికీ."

"అందరికీ ఉన్న టైమేనా?"

"మరి లేని టైము ఎలా చెప్తుంది బాబాయ్? ఉన్నది ఒకటే కదా."

"అలా అని నీకెవరు చెప్పారు?" అన్నారాయన. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నేను తర్వాతి పేజీ తిప్పాను. ఆ రోజే మేనేజరుగారు ఆయన బల్లని నీళ్ల డ్రమ్ము పక్కకి మార్చి, వచ్చిన ఫోన్లు ఎత్తే పని మాత్రం ఇచ్చారు.

సోమవారం నుంచి మా ఆఫీసులో అందరూ నిజమే చెప్పారు. అందరి తలలూ గిర్రున తిరిగాయి.

ముందు మేష్టారి ఫోను వచ్చింది. మిషను గొడవలు నా పూచీ కాబట్టి బాబాయ్ దాన్ని నాకిచ్చారు. "మీ మిషను పదకొండుంబావు అంది. పావుతక్కువ పదకొండుకల్లా గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. వ్యానేది?"

"మేష్టారూ, ఇంకా అరగంట ఉందండీ."

"ఉందని నాకు తెలీదా? నేను ఎక్కడికైనా అరగంట ముందే వెళ్తాను. ఇన్నేళ్లూ అరగంట ముందొచ్చినా వ్యాను సిద్ధంగా ఉండేది. ఇప్పుడు చెప్పిన టైముకొస్తే ఎలా?"

ఆయనకేం చెప్పాలో మాన్యువల్లో నేను చదివిన మేరకు లేదు. ఆ వారం ఆయన పదకొండుసార్లు ఫోన్ చేశారు. టైలరమ్మ వీధి వైపు వ్యాను నడిపే పొడుగు డ్రైవరేమో వ్యానులో కొత్తగా పెట్టిన టాబ్లెట్‌లో ఒక టైమూ, వాళ్ల గది గోడ మీద ఒక టైమూ చూసి, ఏది నమ్మాలో తేలక రెండింటికీ మధ్యలో బయల్దేరడం మొదలుపెట్టాడు. వ్యాను ఎక్కని మనిషికి వెళ్లొచ్చినట్టు ఒక బిల్లు వెళ్తే, ఆ ఆసుపత్రివాళ్లు మనిషిని పంపకుండా బిల్లు ఎందుకు పంపారని అడిగారు. నేను క్షమాపణ చెప్తూ ఉత్తరం రాశాను. ఆ ఉత్తరానికి కూడా సాఫ్ట్‌వేర్ ఒక బిల్లు వేసింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. టైలరమ్మది అలా కాదు. సోమవారం వ్యాను సరిగ్గా పదింబావుకి వెళ్లింది, అయిదు నిమిషాలు నిలబడింది, ఆవిడ గుమ్మంలోకి రాలేదు. మిషను 'రాలేదు' వేసి వ్యాన్ని పంపేసింది. ఆ రోజు పక్కింటివాళ్లెవరో కారులో ఆసుపత్రికి దింపారు. బుధవారం మళ్లీ అంతే. ఆ రోజు పక్కింటి కారు కూడా లేదు. ఆవిడకి డయాలసిస్ జరగలేదు. శుక్రవారం కూడా వ్యాను తప్పితే అది మూడోది. పాసు రెండు నెలలు పోతుంది. అసలే ఒకసారి తప్పిన ఒంటికి రెండోసారి కూడా తప్పితే ఏమవుతుందో నేను ఆలోచించదలుచుకోలేదు.

గురువారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "అమ్మా, రేపు వ్యాను పదింబావుకి వస్తుందండీ."

"అలాగే తల్లీ. ఆ మిషను పిల్ల కూడా చెప్పింది."

"నిజంగా పదింబావుకేనండీ. అంతకుముందే గుమ్మంలో ఉండండి."

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. ఆఫీసువాళ్లు చెప్పమన్నది నువ్వు చెప్తావు. కానీ మీ వ్యాను ఎప్పుడూ అరగంట లేటే. నాలుగేళ్ల నుంచి ఎక్కుతున్నదాన్ని, నాకు తెలీదా?"

"మొన్న రెండుసార్లూ టైముకే వచ్చింది కదండీ."

"ఏదో పొరపాటున వచ్చి ఉంటుంది. నేను మాత్రం పద్ధతి తప్పనమ్మా. టైమంటే టైమే నాకు."

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాను. నాలాగే టైముకొచ్చే మనిషి, కానీ టైముకి రాదు. పోనీ సాఫ్ట్‌వేర్లోనే ఆవిడ టైము పావుతక్కువ పదికి మార్చి చూశాను. అది ఆవిడ ఒక్కదాన్ని మార్చి ఊరుకోలేదు. ఏడు వ్యాన్లనీ కలిపి పేకముక్కల్లా కలియబెట్టి, మేష్టారిని పొద్దున్న ఆరుగంటల పదికి పెట్టి, పొడుగు డ్రైవరుని ఒకే నిమిషంలో రెండు వీధుల్లో ఉండమంది. కంగారుగా అంతా వెనక్కి తిప్పేశాను.

అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. లేచి నీళ్ల డ్రమ్ము దగ్గరకి వెళ్లాను. నీళ్లు తాగడానికి వచ్చాననుకుని బాబాయ్ గ్లాసు అందించారు. అంతా చెప్పాను.

నేను చెప్పానుగా అని ఆయన అనలేదు. ఫోన్ తీసి నంబరు కలిపారు. "చెల్లెమ్మా, నేను. రేపు వ్యాను పావుతక్కువ పదికి. మిషను మాట పట్టించుకోకు, అదింకా కొత్తది."

"నేననుకుంటూనే ఉన్నానన్నయ్యా" అని ఆవిడ అనడం నాకూ వినిపించింది.

ఎందుకైనా మంచిదని శుక్రవారం పాపని బడిలో దింపే పని పక్కింటివాళ్లకి అప్పగించి, ఎనిమిదింటికే ఆఫీసుకొచ్చేశాను. గుమ్మంలో మేనేజరుగారు ఎదురుపడి, "ఏమ్మా, ఇవాళ షెడ్డు లేదా?" అన్నారు.

ఏ షెడ్డో నాకు తెలియదు. "లేదండీ" అన్నాను. ఆయన బాగా ఆశ్చర్యపోయి లోపలికి వెళ్లిపోయారు. ఆ వారం నాకు అర్థంకాని సంగతుల్లో ఇదొకటనుకుని, పొడుగు డ్రైవరు పక్కన వ్యాను ఎక్కి కూర్చున్నాను.

పదింబావుకి నిమిషం ముందు టైలరమ్మ వీధిలోకి తిరిగాం. పొడుగు డ్రైవరు వీధి మొదట్లో ఉన్న పోస్టు డబ్బా దగ్గర బండి ఆపేశాడు.

"ఇల్లు అక్కడుంటే ఇక్కడాపావేంటి?"

"బాబాయ్ ఆపమన్నారు మేడమ్. యాభై అడుగుల్లోపలికి వెళ్తే మిషను లెక్క మొదలెడుతుందంట. ఇక్కడికి అరవై రెండు."

"అరవై రెండని ఎవరు చెప్పారు?"

"నిన్న సాయంత్రం ఆయనే వచ్చి నడిచి కొలుచుకున్నారు. ఆమె గుమ్మంలో కనపడేదాకా కదలొద్దన్నారు. మొన్న ఆసుపత్రికి పోలేదు కదా, కాళ్లు వాచి ఉంటాయి, ఇవాళ ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడతాయన్నారు."

ఎక్కడికి రావడానికి పది నిమిషాలు ఎక్కువ పడతాయో నాకు అర్థం కాలేదు. దిగి నడుచుకుంటూ వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. గేటు స్తంభం పక్కనుంచి చూస్తే ఇల్లు ఆ చివరిదాకా కనిపిస్తోంది. టైలరమ్మ లోపలి గది గడప దగ్గర నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కర్రని జానెడు ముందుకి జరుపుతుంది. ఒక కాలు వేస్తుంది. ఆగి ఊపిరి పీలుస్తుంది. రెండో కాలు వేస్తుంది. చేతిసంచీ మెడలో వేలాడుతోంది. పొద్దున్నే శ్రద్ధగా దువ్వుకున్న జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది.

వ్యాను వెళ్లే వేళకి మా ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఆవిడ చెప్పేది ఒకే మాట, ఒక్క కుట్టు మిగిలింది, వేసేసి వస్తున్నా అని. నడవలో గోడవారగా కుట్టుమిషను కనిపించింది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి మీద మందుల డబ్బాలు, వాటి మీద వార్తాపత్రికల దొంతర. ఆ మిషను తొక్కి ఎన్నేళ్లయిందో.

నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆవిడ నన్ను చూడకూడదనిపించింది. ఎనిమిది నిమిషాలకి గుమ్మం చేరి, గోడకి ఆనుకుని, పమిటతో మొహం తుడుచుకుని, అప్పుడే వచ్చి నిలబడ్డ మనిషిలా తల ఎత్తింది. నేను వీధి వైపు చెయ్యి ఊపాను. వ్యాను వచ్చి ఆగింది. ఆవిడ మరో రెండు నిమిషాల్లో ఎక్కింది. టాబ్లెట్ మీద పచ్చ గుర్తు పడింది, మనిషి సకాలంలో ఎక్కినట్టు.

"చూశావా అమ్మా" అంది టైలరమ్మ, నన్ను అప్పుడే చూసి. "పావుతక్కువ పది అన్నారు. ఎంతయిందో చూడు. మీ వ్యానుకి ఎప్పటికీ బుద్ధి రాదు."

"తప్పేనండీ, మాదే ఆలస్యం" అన్నాను.

"ఫర్వాలేదులే. ఈలోపు నేనో కుట్టు వేసుకున్నాను."

ఆవిణ్ని ఆసుపత్రిలో దింపి తిరిగొచ్చి, నేరుగా నీళ్ల డ్రమ్ము దగ్గరకి వెళ్లాను. "మీకు ముందే తెలుసా బాబాయ్?"

"ఏది?"

"కుట్టు లేదని."

ఆయన నిలిచిపోయిన హాలు గడియారం వైపు చూశారు. "ఎవరో ఒకరు లేటవ్వాలి కదమ్మాయ్. ఆవిడయితే సిగ్గుపడుతుంది. వ్యానయితే పడదు."

"మరి మేష్టారికి?"

"ఆయన ఎటూ అరగంట ముందొచ్చి ఎండలో నిలబడతారు. వద్దంటే వినే మనిషి కాదు. అందుకని ఆ అరగంట నేనే అవతలికి జరిపాను."

నేను నా బల్ల దగ్గర కూర్చుని మాన్యువల్ ముప్ఫైయొకటో పేజీ నుంచి చదివాను. నలభైయొకటో పేజీలో ఉంది. ప్రతి ప్రయాణికుడి పేరు పక్కనా రెండు గడులు: వ్యాను చేరే సమయం, ప్రయాణికుడికి చెప్పే సమయం. రెండూ వేరువేరుగా పెట్టుకోవచ్చు. మొదటిరోజు తెర మీద ఆ గడులు చూసి, ఎవడో మతిలేనివాడు ఒకే టైముకి రెండు గడులు పెట్టాడని విసుక్కుని, 'అందరికీ ఒకటే' అన్న చోట టిక్కు కొట్టింది నేనే.

ఆ మధ్యాహ్నం బాబాయ్ బల్లని మళ్లీ నా పక్కకి జరిపించాను. ఆయన చెప్తుంటే నేను కొట్టాను. కాగితం లేదు, పుస్తకం లేదు, నూట పన్నెండు మందీ ఆయన తలలోనే ఉన్నారు.

"ఈయన, పది నిమిషాలు ముందు. చెప్పులు దొరకవు. ఆవిడకి అయిదు నిమిషాలే ముందు చెప్పు, కానీ రెండుసార్లు చెప్పాలి. ఈయనకి గంట ముందు."

"గంటా? ఎందుకు బాబాయ్?"

"పిల్లి కనపడందే తలుపు వెయ్యడు."

సాయంత్రానికి నూట పన్నెండూ అయ్యాయి. నడుము పట్టేసింది. లేవబోతుంటే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంకొకరున్నారు. రాసుకో. అసలు టైము ఎనిమిదింబావు. చెప్పేది పావుతక్కువ తొమ్మిది."

"ఎనిమిదింబావుకి మన వ్యాను ఎవరూ ఎక్కరు కదా."

"వ్యాను కాదు, ఆఫీసు. వచ్చే నెల నుంచి హాజరు కూడా అదే వేస్తుందన్నావుగా."

"ఆఫీసు పావుతక్కువ తొమ్మిదికి కదా బాబాయ్?"

ఆయన అరచెయ్యి కొంచెం తెరిచి గడియారం చూసుకున్నారు.

ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొచ్చింది. ఆఫీసు ఎన్నింటికి అని ఈయన్నే అడిగాను. ఈయనేమో నన్ను, పాపని బడిలో ఎవరు దింపుతారమ్మాయ్ అని అడిగారు. నేనే, ఎనిమిదిన్నరకి అన్నాను. కాసేపు ఆలోచించి, అయితే మన ఆఫీసు పావుతక్కువ తొమ్మిదికి అన్నారు. మూడేళ్లుగా నాకంటే ముందే వచ్చి కూర్చున్న, ఇంట్లో పని లేని ఆ జనమంతా కళ్లముందు తిరిగారు. నేను వచ్చేసరికే రోజూ నా బల్ల మీద ఎవరో ఫోన్లు ఎత్తి రాసిపెట్టిన చీటీలు ఉండేవి. ముందురోజువేమో అనుకునేదాన్ని.

"మరి మేనేజరుగారు అడగలేదా?"

"అడిగారు. రోజూ ముందు షెడ్డుకెళ్లి వ్యాన్లు లెక్కపెట్టుకుని వస్తావని చెప్పాను."

నవ్వాలో ఏడవాలో తెలియక, నా పేరు కొట్టి, రెండు గడులూ నింపి, మేనేజరుగారికి చూపించే పేజీలో కారణం అన్న చోట 'షెడ్డు' అని రాశాను.

సోమవారం పాపని బడిలో దింపి, షెడ్డెక్కడో కాపలాదారుని అడిగి కనుక్కున్నాను. ఆఫీసు వెనకే ఉంది. ఒక్కో వ్యాను దగ్గరా ఆగి, ముట్టుకుని మరీ లెక్కపెట్టాను. తర్వాత హాల్లోకి వస్తుంటే మేనేజరుగారు ఎదురయ్యారు.

"షెడ్డు నుంచేనా?"

"అవునండీ."

"ఎన్నున్నాయి?"

"ఏడండీ."

"అన్నీ ఉన్నాయన్నమాట" అన్నారాయన తృప్తిగా. "ఇంత శ్రద్ధగా లెక్కపెట్టే మనిషి ఉండబట్టే మూడేళ్లలో ఒక్క వ్యాను కూడా పోలేదు."

పక్క బల్ల దగ్గర బాబాయ్‌కి పొలమారింది. నేను వెళ్లి నీళ్ల గ్లాసు అందించాను.